హైదరాబాద్ పేరు మోసిన విమానం

షార్జాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఈదుల్ ఫిత్ర్‌కు ఊరికి వచ్చినప్పుడు మా చిన్నబ్బాయికి ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. మూత తీస్తే లోపల బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి కాయల్లా వేలాడుతున్న చిన్న చిన్న భాగాలు, గాజులాంటి పారదర్శకమైన ముక్క ఒకటి, అంటించవలసిన గుర్తుల కాగితం, బొమ్మలతో కూడిన సూచనల పత్రం ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్, అసలు పరిమాణంలో 72వ వంతు. ఇంటర్ పరీక్షలు ముగిసి, రోజంతా ఫోనులోనే తల దూర్చి కూర్చుంటున్న సమయమది. కనీసం చేతులకైనా పని దొరికిందని మేము సంతోషించాము.

సూచనల పత్రం తిరగేస్తుండగా ఒక మాట దగ్గర మా చూపు ఆగింది. విమానం పక్కన వేయవలసిన అక్షరాలు యూ, ఎమ్. ఆ అక్షరాలు ఏ దళానివో కింద రాసి ఉన్నది: 152వ స్క్వాడ్రన్, హైదరాబాద్.

"అబ్బా, మన హైదరాబాదేనా?" అని అడిగాడు వాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత తండ్రీకొడుకులం కూర్చుని చదివాము.

మన హైదరాబాదే. మొదటి ప్రపంచ యుద్ధం నాడే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వారికి ఒక విమాన దళానికి కావలసిన యంత్రాలను సమకూర్చాడు. 110వ స్క్వాడ్రన్ 1918లో డీహెచ్-9ఎ అనే బాంబర్లతో ఫ్రాన్స్ వెళ్లినప్పుడు వాటి మీద ఇది హైదరాబాద్ నిజాం కానుక అన్న రాత ఉండేది. వాటిలో ఒకటి జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్ ప్రదర్శనశాలకూ తర్వాత పోలండ్‌కూ చేరింది. చివరకు 1970ల ద్వితీయార్ధంలో బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం దానిని తిరిగి సంపాదించుకున్నది. అందుకు బదులుగా పోలండ్‌కు ఇచ్చినది ఒక స్పిట్‌ఫైర్ కావడం విచిత్రం.

రెండో యుద్ధం మొదలయ్యాక మరో రెండు దళాలకు హైదరాబాద్ పేరు వచ్చింది. ఒకటి హరికేన్ విమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్, రెండవది మా పెట్టెలోని 152. ఈ 152వ దళం 1939 అక్టోబరులో ఏర్పడి, 1940 జనవరిలో స్పిట్‌ఫైర్లు అందుకున్నది. దాని అధికార చిహ్నంలో నిజాం ధరించే దస్తార్ బొమ్మ ఉంటుంది. దాని నినాదం "విశ్వాసపాత్రుడైన మిత్రుడు". బ్రిటిష్ ప్రభుత్వం నిజాముకు ఇచ్చిన యారె వఫాదార్ అన్న బిరుదుకు అది అనువాదమే. ఇంగ్లండు గాలిలో, ఆంగ్ల యువకులు నడిపే యంత్రాల దళానికి మన దక్కన్ తలపాగా గుర్తు!

మా అబ్బాయి గర్వంతో పొంగిపోయాడు. ఆ గర్వాన్ని మేము పాడుచేయదలచుకోలేదు గాని ఒక మాట చెప్పక తప్పలేదు. నిజాం ఖజానాకు చేరిన సొమ్ములో తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల రైతులు కట్టిన శిస్తు ఉన్నది. మా తాతగారు నల్లగొండ జిల్లాలో నాలుగెకరాల మెట్ట మీద బతికినవారు. విమానం పేరు కూడా వినని వారి చెమటలో ఏ రవంతో ఆ లోహంలో కలిసి ఉండవచ్చు. వారిని ఎవరూ అడగలేదు. అది విన్నాక వాడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత "అయితే దీన్ని సరిగ్గా చేయాలి అబ్బా" అన్నాడు.

సరిగ్గా చేయడమంటే ఏమిటన్నదే తర్వాతి మూడు నెలల మా వాదన.

అంతకుముందే మా అమ్మీ ఒక ప్రశ్న వేసింది. పిల్లలకు ఆమె దాదీ. కళ్లజోడు సవరించుకుని, రెక్కలు లేని ఆ విమానపు డొల్లను అరచేతిలో పెట్టుకుని "బేటా, ఇది మనుషులను ఎక్కించుకుని పోయేదా, చంపేదా?" అని అడిగింది. "ఒక్కరే కూర్చుంటారు దాదీ. రెక్కల్లో ఎనిమిది తుపాకులుంటాయి" అని వాడు నిజమే చెప్పాడు. ఆమె దానిని బల్ల మీద పెట్టి లేచిపోయింది. ఇంట్లో ఆయుధం బొమ్మ ఎందుకన్నది ఆమె ఉద్దేశమని మాకు అర్థమైంది. ఆ సందేహం మాకూ లేకపోలేదు. బజారులో ప్లాస్టిక్ తుపాకులు కొనివ్వని ఇల్లు మాది. అయితే వాడు దానిని చేత పట్టుకుని శబ్దాలు చేస్తూ ఆడుకోవడం లేదు, దానిని గురించి తెలుసుకుంటున్నాడు. ఆ తేడా నిలిచినంత కాలం పని సాగనిద్దామనుకున్నాము.

కూర్చే పని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. భాగాలను చట్రం నుండి విరవకూడదు, చిన్న కటింగ్ ప్లయరుతో కత్తిరించాలి. అతుకుల వద్ద మిగిలిన బొడిపెను సన్నని గరుకు కాగితంతో రుద్దాలి. జిగురు ఎక్కువైతే ప్లాస్టిక్కే కరిగిపోతుంది. మొదటి రోజే ఒక చక్రం అలా కరిగి చదునైంది. బరువు మోసే చక్రం కింది భాగం కాస్త చదునుగానే ఉంటుంది కనుక ఆ పొరపాటు మాకు కలిసివచ్చింది. అసలు విమానం రెక్కల కొస నుండి కొసకు 11.23 మీటర్లు. మాది పదిహేనున్నర సెంటీమీటర్లు దాటి కొద్దిగా. అందులో పైలటు నిలబడితే మన చిటికెన వేలి సగం కూడా ఉండడు.

రంగులు కూడా నిర్ణీతమే. పైన ముదురు మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ పట్టీలుగా కలిసి ఉంటాయి. కింద నుండి చూసేవారికి ఆకాశంలో కలిసిపోయేలా అడుగున లేత ఆకుపచ్చ ఛాయ, దాని పేరే స్కై. 1940 జూన్ నుండి ఆ అడుగు రంగు ఆచరణలోకి వచ్చింది. కుంచెతో పలుచగా మూడు పూతలు వేశాము. ఆపై మెరిసే వార్నిష్ పూసి, గుర్తుల కాగితాన్ని నీటిలో నానబెట్టి, గుండ్రని గుర్తులను, అక్షరాలను ఒక్కొక్కటిగా జార్చి అంటించాము. మేము ఊపిరి బిగబట్టి ఉండగా యూ అక్షరం రెండుగా మడతపడింది. దానిని విడదీయడానికి మా ఇంటివారి సూది, అరగంట ఓపిక అవసరమయ్యాయి.

ఇక్కడికి విమానం కొత్త పెళ్లికొడుకులా తళతళలాడుతున్నది. ఈ పనిలో ఆరితేరినవారు అసలు పని అప్పుడే మొదలవుతుందంటారు. ఎండకు వెలిసిన రంగు, చమురు మరకలు, బూట్ల రాపిడి, తుపాకి పొగ వంటి వాడుక గుర్తులను చిన్న నమూనా మీద తెప్పించడాన్ని వెదరింగ్ అంటారు.

మా అబ్బాయి జాబితా సిద్ధంగా ఉన్నది. రెక్కల నిండా గుళ్ల రంధ్రాలు, రంగంతా పెచ్చులూడి బయటపడిన వెండి లోహం, కూల్చిన శత్రు విమానాల లెక్క, పక్కన గుండ్రని గుర్తు గుండా దూకుతున్న నల్ల చిరుత. చిరుత బొమ్మను వాడు ఒక ఫోటోలో చూశాడు. అది ఈ దళానిదే, కాని ఈ కాలానిది కాదు. 152వ దళం 1943 చివర్లో మన దేశం వైపు వచ్చి, 1944లో ఇంఫాల్, బర్మా రంగంలో పోరాడినప్పుడు దాని కొత్త రకం స్పిట్‌ఫైర్ల మీద ఆ చిరుత వెలిసింది. అదే బర్మా రంగంలో హైదరాబాదులో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ కూడా యువ పైలటుగా యుద్ధ విమానం నడిపారు. ఆయనే 1978లో మన వైమానిక దళాధిపతి అయ్యారు. ఆ కథ వేరే రాయవలసినది. మా పెట్టెలోని విమానం 1940 వేసవి నాటిది కాబట్టి చిరుతకు అందులో చోటు లేదు.

మిగిలిన కోరికల విషయంలో ఒక్కొక్కటికీ కారణం అడుగుతూ పోయాము. ఈ మరక ఎక్కడి నుండి వచ్చింది? ఎవరి బూటు వల్ల? జవాబు లేని మరక వేయకూడదని నియమం పెట్టుకున్నాము. కళ్లతో చూడని దానికి సాక్ష్యం చెప్పడం ఎంత తప్పో, జరగని దెబ్బను ఒక యంత్రం మీద చెక్కడం అలాంటిదే కదా అని మేమంటే, బొమ్మ విషయంలో ఇంత పట్టుదల ఎందుకని మా ఇంటివారు నవ్వారు. నవ్వినా, ఆ నియమం మాకు చాలా నేర్పింది.

వెండి గీతల సంగతే చూడండి. స్పిట్‌ఫైర్ ఒళ్లంతా లోహమే అనుకుంటాము. ఆ తొలి రకంలో తోకకు ఉన్న కదిలే పలకలు, రెక్కల వెనుక అంచున ఉండే చిన్న పలకలు లోహపు చట్రం మీద బిగించిన గుడ్డ. గుడ్డ మీద రంగు పోతే వెండి మెరుపు కనబడదు. చాలామంది ఇక్కడే పొరపడి తోక చుక్కాని మీద కూడా వెండి గీతలు గీస్తారు. మేమూ గీసి, తెలిసిన తర్వాత చెరిపాము. రంగు నిజంగా అరిగేది ఎడమ రెక్క విమానానికి అతుక్కునే చోట. ఎందుకంటే పైలటు ఎక్కే చిన్న తలుపు ఎడమవైపున ఉంటుంది. అతడూ, పట్టీలు బిగించే సహాయకుడూ అక్కడే కాలు పెడతారు. ప్రొపెల్లర్ రెక్కలు లోహానివి గనుక వాటి ముందు అంచు కూడా ధూళికి అరుగుతుంది. రెక్క అడుగున తూటాల పెట్టెలకు ఉన్న మూతలు ప్రతి పోరాటం తర్వాత తెరుచుకుంటాయి, అక్కడి మరలు, అంచులు కొంత పెచ్చులూడుతాయి.

పెచ్చు ఎంత ఉండాలన్నది మరో చిక్కు. నమూనా మీద ఒక మిల్లీమీటరు గీత అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్లు దాటిన గాయం. మన కంటికి చిన్నదిగా కనిపించేదే అక్కడ అరచేయంత. అందుకే కుంచె వదిలేసి, గిన్నెలు తోమే స్పాంజి ముక్కను వెండి రంగులో తాకించి, కాగితం మీద దాదాపు పూర్తిగా అద్దేసి, మిగిలిన తడితో ఒక్కసారి తాకించాము. ఏమీ పడలేదేమో అనిపించాలి. వెలుతురులో తిప్పితే తెలియాలి.

పలకల మధ్య సన్నని గాడులలోకి నల్లరంగు కాకుండా, టర్పెంటైనులో పలుచన చేసిన ముదురు గోధుమ ఆయిల్ రంగును జారవిడిచి, ఆరాక గుడ్డతో తుడిచాము. ఇంజను పక్కన పొగ గొట్టాల నుండి వెనక్కు సాగే మరక కూడా నల్లన కాదు. సీసం కలిసిన ఆ ఇంధనం కాలితే గోధుమ, బూడిద కలిసిన ఛాయ మిగులుతుంది. దానికోసం చిత్రలేఖనపు సుద్ద ముక్కలను గరుకు కాగితం మీద అరగదీసి ఆ పొడిని పొడి కుంచెతో అద్దాము. పైలటు ముందరి అద్దానికి ముందే ఇంధనం పోసే మూత ఉంటుంది, అక్కడ సన్నగా కారిన చార ఒకటి గీశాము. ఆ చార గీస్తున్నప్పుడు వాడు దాని కింద ఏముంటుందని అడిగాడు. దాని కింద 85 గ్యాలన్ల పెట్రోలు ఉంటుంది. పైలటు మోకాళ్లకు ఎదురుగా, అతడికీ ఇంజనుకూ మధ్య. మంటలంటుకుంటే ముందుగా కాలేవి ముఖము, చేతులు. ఆ రోజు వాడు పని త్వరగా ముగించి లేచాడు.

అన్నిటికంటే మాకు ఆలస్యంగా అర్థమైన విషయం ఇంకొకటి ఉన్నది. ఇంత శ్రమపడి పాతబరచడం ఎందుకు? 152వ దళం 1940 జూలైలో ఇంగ్లండు దక్షిణ తీరంలో, డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ అనే పచ్చిక మైదానానికి వచ్చింది. పోర్ట్‌లాండ్ నౌకాకేంద్రాన్ని కాపాడడం దాని పని. ఆ వేసవిలో ఒక స్పిట్‌ఫైర్ కొన్ని వారాలు నిలిచినా గొప్పే. ఎండకు రంగు వెలిసే వరకు, వానకు మరకలు ఇంకే వరకు వాటిలో చాలా విమానాలు బతకలేదు. గంటకు నాలుగు మైళ్ల వేగం పెరుగుతుందంటే చాలు, సిబ్బంది వాటిని రుద్ది నునుపు చేసేవారు కూడా. అప్పటికే మా అబ్బాయి ఒక రెక్కను ఇరవై ఏళ్ల ఆర్టీసీ బస్సులా తయారుచేసి ఉన్నాడు. ఆ సంగతి చదివాక ఆ రెక్కకు మళ్లీ రంగు వేశాము. వృద్ధాప్యమే లేని వస్తువుకు వృద్ధాప్యం అంటగట్టినట్టయింది మా పని.

నడిపినవారి సంగతీ అంతే. ఆ దళంలో డీన్స్‌లీ అనే పైలటు ఉండేవాడు. జూలై 25న ఒకసారి, సెప్టెంబరు 26న మరొకసారి సముద్రంలో పడ్డాడు. రెండుసార్లూ ఓడలవారు బయటకు లాగారు. అతడు యుద్ధం దాటి పెద్దవయసు వరకు జీవించాడు. ఎరిక్ మార్స్ అనే మరొకడిని పసివాడిలా ఉన్నాడని తోటివారు బాయ్ అని పిలిచేవారు. ఆ వేసవి నాటికి అతడికి 19 ఏళ్లు. ఆ వేసవినీ శరత్తునూ గెలిచి బయటపడ్డాడు, పతకం అందుకున్నాడు. 1941 జూలై 24న ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు మీద విమాన విధ్వంసక తుపాకులకు బలైపోయాడు. అప్పటికి వయసు 20. బ్రిటన్ యుద్ధంగా పేరొందిన ఆ నాలుగు నెలల్లోపు కాలంలో బ్రిటిష్ ఫైటర్ దళాల వైపు మరణించినవారు 544 మంది. అవతలి పక్షాన మరణించిన జర్మన్ యువకులు అంతకంటే చాలా ఎక్కువ. మా అబ్బాయికి ఇప్పుడు 18. కూల్చిన విమానాల లెక్క వేద్దామన్న మాట వాడు మళ్లీ ఎత్తలేదు.

జూలైలో వాన పట్టింది. చివరి పూతగా మెరుపు తగ్గించే వార్నిష్ వేయాలి. ఆత్రం ఆపుకోలేక ముసురు పట్టిన సాయంత్రం డాబా మెట్ల కింద నిలబడి స్ప్రే డబ్బాతో పూత కొట్టాము. మగ్రిబ్ నమాజు చదివి వచ్చేసరికి విమానమంతా పాలపొర కమ్మినట్టు తెల్లబారిపోయింది. ఆరుతున్న వార్నిష్ గాలిలోని తేమను పట్టుకున్నది. మూడు నెలల పని మంచులో మునిగినట్టయింది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు మాదే, తొందరపెట్టినది మేమే. నాలుగు రోజుల తర్వాత పొడి ఎండ కాసిన పూట, మెరిసే వార్నిష్‌ను మళ్లీ పలుచగా పూస్తే ఆ పాలపొర చాలావరకు కరిగి రంగులు పైకి తేలాయి. కుడి రెక్క కొసన ఇంకా కాస్త మసక మిగిలింది. దానికి మాత్రం మా నియమం ప్రకారం కారణం ఉన్నది, అందుకే అలాగే ఉంచాము.

మిగిలినది తుపాకుల సంగతి. రెక్కల ముందు అంచున ఎనిమిది రంధ్రాలుంటాయి. లోపలికి దుమ్ము, చలి చేరకుండా సిబ్బంది ప్రతిసారీ వాటి మీద ఎర్రని గుడ్డ ముక్కలు అంటించేవారు. పైలటు ఒక్క మీట నొక్కితే ఎనిమిదీ కలిసి పేలేవి, గుడ్డలు చిరిగిపోయేవి, రెక్క అడుగున నల్లని పొగ చారలు పడేవి. ఒక్కో తుపాకికి 300 తూటాలు. ఆపకుండా పేల్చితే పదిహేను సెకన్లకు అటూ ఇటుగా అయిపోయేవి. అంటే ఎనిమిది గుడ్డలూ నిండుగా ఉంటే ఆ విమానం ఇంకా బయలుదేరలేదు, లేదా శత్రువు కనబడలేదు. ఎనిమిదీ చిరిగి ఉంటే ఎవరి మీదనో పేల్చి వచ్చింది. సగం సగం కుదరదు.

మేము నిండు గుడ్డల వైపే ఉన్నాము. దాదీ మాట మా మనసులో ఉన్నది. ఎవరినీ చంపని క్షణంలో దానిని నిలిపితే ఇంట్లో ఉంచుకోవడానికి మనసు ఒప్పుకుంటుందనిపించింది. మా అబ్బాయి రెండు రోజులు ఏమీ తేల్చలేదు. మూడో రోజు అస్ర్ తర్వాత దాదీ దగ్గర కూర్చుని ఈ లెక్కంతా ఆమెకు వివరించాడు. ఆమె సాంతం విని, "బయలుదేరినవాడు తిరిగి వస్తాడో లేదో తెలియదు కదా. ఆ తల్లి ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నది. "చిరిగి ఉంటే నేల మీదికి తిరిగి వచ్చినట్టే దాదీ" అన్నాడు వాడు. "మరి అటువైపు వాడి తల్లి?" అని అడిగింది ఆమె. దానికి వాడి దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు.

చివరకు వాడు ఎర్ర రంగు వేసిన చోట సన్నని సూదితో చింపుల్లా గీతలు గీశాడు. రెక్క అడుగున పొగ చారలు అద్దాడు, ఎక్కువ కాదు. పైలటు కూర్చునే చోటు ఖాళీగా ఉంచి, తలుపు తెరిచి అంటించాడు. విమానం ఇప్పుడు మా ముందు గదిలో, గాజు తలుపుల అల్మారాలో, అరబిక్ నిఘంటువుల కింది అరలో ఉన్నది. శుక్రవారం ఇల్లు దులిపేటప్పుడు దాదీ ఆ అర దగ్గర ఆగుతుంది. తలుపు తెరవకుండా, బయటి గాజును మాత్రం తుడిచి వెళుతుంది.